నూకరాజు సమక్షంలో

తాళ్లగుమ్మి పోలీస్ స్టేషన్ పరిధిలో దొంగ దొరక్కుండా తేలిన కేసులు ఉన్నాయి గాని, గెడ్డం నూకరాజు లేకుండా తేలిన కేసు ఒక్కటీ లేదు. కనీసం కాగితాల్లో లేదు.

నూకరాజుది స్టేషన్ గేటుకి ఎదురుగా టీ కొట్టు. మురుగుకాలవ మీద నాపరాళ్లు పరిచి నిలబెట్టిన కొట్టు. ఆక్రమణలు తొలగిస్తామంటూ ఎప్పుడు పొక్లెయిన్ వచ్చినా అటుపక్క కిళ్లీ బడ్డీనీ ఇటుపక్క సైకిలు షాపునీ పెకలించేసేది. ఆ పొక్లెయిన్ నడిపేవాడు మాత్రం నూకరాజు దగ్గర టీ తాగి వెళ్లిపోయేవాడు. నూకరాజు మామూలు టీ కొట్టువాడు కాదు మరి. ప్రభుత్వం వారి సాక్షి.

చట్టం చాలా మంచిది. దొంగసొత్తు ఎక్కడైనా దొరికితే ఆ చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరు అక్కడ నిలబడి, అంతా కళ్లారా చూసి, పంచనామా కాగితం మీద సంతకాలు పెట్టాలంటుంది. అయితే ఆ చట్టం రాసిన మహానుభావులకి తాళ్లగుమ్మి రొయ్యల చెరువుల గట్లు తెలియవు. నీళ్ల మోటారు దొరికిందని ఏ పెద్దమనిషి మిట్టమధ్యాహ్నం ఆ గట్ల మీద నిలబడతాడు? నిలబడినా, తర్వాత కోర్టు వాయిదాలకి ఎవడు తిరుగుతాడు? అందుకని స్టేషన్లో కాగితాలన్నీ రాసే హెడ్ కానిస్టేబుల్, రైటర్ భాస్కరం, ఫ్యాను కింద కూర్చుని పంచనామా పూర్తిచేసి, కిటికీలోంచి ఒక్క కేక వేసేవాడు. నూకరాజు తుండుగుడ్డకి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి, "ఎక్కడ పెట్టమంటారండీ?" అనేవాడు. రెండో సాక్షిగా పాస్‌పోర్టు ఎంక్వయిరీకి వచ్చినవాడో, సెల్లు పోయిందని ఏడుస్తూ వచ్చినవాడో దొరికేవాడు. ఆ రెండోవాళ్లు మారుతుండేవాళ్లు. నూకరాజు మారలేదు.

కాగితంలో ఏముందో అతను ఏనాడూ చదవలేదు. చదవడం రాక కాదు, పెద్దలు రాసినదాన్ని చదివితే అనుమానించినట్టుంటుందని. సంతకం మాత్రం ముచ్చటగా గొలుసుకట్టులో గీసి, చివర చిన్న తోక పెట్టేవాడు. కోర్టుకి పిలిస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, "అంతా నా సమక్షంలోనే జరిగిందండి" అని చెప్పి వచ్చేవాడు. "ఆ సంతకాలు ఎవరి కొంపలు ముంచుతున్నాయో" అని పెళ్లాం సత్యవతి ఎప్పుడైనా గొణిగితే, "దేశసేవ గురించి నీకేం తెలుసే" అని నోరు మూయించేవాడు.

ఇలా దేశం సుభిక్షంగా ఉండగా పూర్వదర్శిని వచ్చింది.

పూర్వదర్శిని అంటే నేరం జరగబోయే ముందే చెప్పే కంప్యూటరు ఏర్పాటు. ఎక్కడ జరుగుతుందో, ఎప్పుడు జరుగుతుందో, ఎవరు చేస్తారో కూడా చెబుతుందట. జోస్యం చెప్పేవాళ్లకి చిలక కావాలి, దీనికి పాత కేసులు కావాలి. స్టేషన్లో చెదలు వదిలిపెట్టిన కేసులన్నీ దానికి తినిపించారు. ప్రారంభోత్సవానికి పందిరి వేసి, పెద్ద తెర కట్టారు. టీలు నూకరాజువే.

డీఎస్పీ గారు మైకు పుచ్చుకున్నారు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గత కాలపు పోలీసు విధానం. ఇకమీదట మన శాఖ ఆకులను ముందుగానే పట్టుకుంటుంది. పరిస్థితులు డిమాండు చేసిన పక్షంలో చేతులను కూడా ముందుగానే పట్టుకుంటుంది" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ట్రే చంకలో పెట్టుకుని నూకరాజు కూడా కొట్టాడు.

తర్వాత కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు ఒక మీట నొక్కాడు. తెర మీద తాళ్లగుమ్మి పటం వచ్చింది. పటం నిండా తట్టు పోసినట్టు ఎర్రచుక్కలు వచ్చాయి. "ఈ ఘటనలన్నింటిలోనూ ఉమ్మడిగా కనిపిస్తున్న వ్యక్తి ఒకరున్నారు. ఆయన లేకుండా ఈ ప్రాంతంలో నేరమే లేదు. ఆ విషయం పూర్వదర్శిని స్వయంగా కనిపెట్టింది" అని ఇంజనీరు గర్వంగా చెప్పి మళ్లీ నొక్కాడు. చుక్కలన్నీ కలిసి ఒక మొహం అయ్యాయి. ఆధార్ కార్డులో ఉండే మొహం. కింద పేరు కూడా ఉంది.

తన పేరు అంత పెద్ద అక్షరాల్లో చూడటం నూకరాజుకి అదే మొదలు. ఇన్నాళ్ల సేవని ప్రభుత్వం గుర్తించిందని అతనికి కళ్లు చెమర్చాయి. ట్రే కింద పెట్టి, చేతులు తుడుచుకుని, అందరికీ దండం పెడుతూ స్టేజీ ఎక్కాడు. ఎమ్మెల్యే గారి కోసం తెప్పించిన శాలువా డీఎస్పీ గారి చేతిలో ఉంది. నూకరాజు దాని కోసం మెడ వంచాడు.

వంచిన మెడని ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకున్నారు.

ఎస్సై గదిలో తలుపులు మూశారు. డీఎస్పీ గారు నూకరాజుని ఎగాదిగా చూసి, "ఎవరయ్యా ఇతను?" అని అడిగారు.

"ఎదురు టీ కొట్టండి," అన్నాడు ఎస్సై. టోపీ సర్దుకుని, "అంటే... పంచనామాల్లో మన మధ్యవర్తి సాక్షండి" అని చేర్చాడు.

డీఎస్పీ గారికి క్షణంలో అంతా అర్థమైంది. ఆయనా ఒకప్పుడు ఎస్సైగా చేసినవారే. ఆయన స్టేషన్ ఎదుట కూడా ఒక కిళ్లీ కొట్టు ఉండేది.

"మరి ఆ సంగతి హెడ్డాఫీసుకి చెప్పేద్దాం సార్," అన్నాడు ఎస్సై. "ఇతను ఎక్కడికీ వెళ్లలేదు, ఊరికే సంతకాలు పెట్టాడని."

"చెప్పు. ఇతను వెళ్లలేదంటే పంచనామాలు తప్పు. పంచనామాలు తప్పయితే శిక్షలు తప్పు. లోపల ఉన్నవాళ్లు బయటికొస్తారు, బయట ఉన్న మనం లోపలికెళతాం. వెళ్లాడంటావా, అన్ని నేరాల్లోనూ ఉన్నవాడు ఇంతకాలం మన కిటికీ ఎదుట టీ కాచాడని అర్థం."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ కప్పా పామూ ఇద్దరూ యూనిఫారంలోనే ఉండటంతో కోపం మొత్తం నూకరాజు వైపు మళ్లింది.

"బాబూ, నేను ఎక్కడికీ వెళ్లలేదండి. నాకు రొయ్యల చెరువుల దగ్గర దోమలు పడవండి," అన్నాడు నూకరాజు.

"ఆ మాట అనకు. అది అబద్ధపు సాక్ష్యం, వేరే కేసు అవుతుంది," అని డీఎస్పీ గారు దయగా చెప్పారు. ఆ తర్వాత భాస్కరాన్ని పిలిచి ఉత్తర్వు చెప్పి రాయించారు. "సదరు వ్యక్తిని నేర స్థలములకు దూరముగాను, అధికారుల దృష్టికి దగ్గరగాను ఉంచి, తద్వారా నేరములను నివారించవలెను."

అలా నూకరాజు స్టేషన్ వరండాలో బెంచీ మీదికి వచ్చాడు. పొద్దున్నే వచ్చి కూర్చోవాలి, చీకటి పడ్డాక కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని ఇంటికి పోవాలి. కొట్టు బావమరిది దొరబాబుకి అప్పగించాడు. అంతవరకూ పేకాట తప్ప పని ఎరగని దొరబాబు, బావ తుండుగుడ్డ భుజాన వేసుకుని బుద్ధిగా టీ కాయడం మొదలుపెట్టాడు. బెంచీ మీద కూర్చుంటే గేటులోంచి కొట్టు కనిపిస్తుంది. "పాలు పొంగుతున్నాయిరా," అని నూకరాజు అక్కణ్ణుంచే అరుస్తుండేవాడు.

మొదటి రోజుల్లో ఊళ్లో ఏమీ పోలేదు. "చూశారా, నివారణ," అన్నారు డీఎస్పీ గారు. తర్వాత శివాలయం వీధిలో ఒక మోటారు సైకిలు పోయింది. "చూశారా, పూర్వదర్శిని ముందే చెప్పింది," అన్నారు. నేరం జరిగితే జోస్యం ఫలించినట్టు, జరగకపోతే పోలీసులు ఆపినట్టు. తప్పు చెయ్యడానికి దానికి దారే లేకుండా కట్టారు. అలాంటి ఉద్యోగం మనుషుల్లో ఎవరికీ దొరకదు.

ఆ మోటారు సైకిలు కాలవ గట్టు కింద దొరికింది. దొరికాక పంచనామా రాయాలి. భాస్కరం రాసి, అలవాటు కొద్దీ కిటికీలోంచి కేకేయబోయి, మనిషి బెంచీ మీదే ఉన్నాడని గుర్తొచ్చి కాగితం చేతికిచ్చాడు. నూకరాజు కూడా అలవాటు కొద్దీ, "ఎక్కడ పెట్టమంటారండీ?" అన్నాడు. పని లేక తుప్పు పట్టిపోతున్న చేతికి ఆ సంతకం ఎంతో హాయిగా అనిపించింది. తోక కాస్త పొడుగ్గా కూడా పెట్టాడు.

కాగితం కంప్యూటరులోకి ఎక్కింది. తెల్లారేసరికి హెడ్డాఫీసు నుంచి ఫోను. మీ కస్టడీలో ఉన్న మనిషి, కస్టడీలో ఉంటూనే, కాలవ గట్టు కింద ఎలా ఉన్నాడు?

భాస్కరం నాలిక్కరుచుకున్నాడు. ఇక నూకరాజు చేత పెట్టించకూడదని అనుకున్నాడు కూడా. కాని ఆ వారంలోనే ఒకే పూట పెదలంకలో ఇత్తడి బిందెలూ రేవు దగ్గర పడవ ఇంజనూ పోయాయి. రెండూ ఒకే పూట దొరికాయి. చుట్టూ చూస్తే సంతకం పెట్టేవాడు మళ్లీ నూకరాజే కనిపించాడు. అతను కాదనలేకపోయాడు. అడిగినవాడికి సంతకం లేదనడం అతని ఒంట్లో లేదు.

ఈసారి పూర్వదర్శిని పటం మీద చుక్క ఎరుపు దాటి నలుపైంది. ఒకే సమయంలో పెదలంకలోనూ రేవులోనూ స్టేషన్లోనూ ఉన్న మనిషి. హెడ్డాఫీసులో అతని కోసం కొత్త వర్గం తెరిచారు, "బహుస్థల ఏకకాల నేరస్థుడు" అని. రాష్ట్రం మొత్తంలో అందులో ఒక్కడే ఉన్నాడు.

"ఇది వ్యవస్థీకృత నేరం," అని డీఎస్పీ గారు ప్రకటించారు. "వ్యక్తి ఒక్కడే అయినప్పటికీ."

భాస్కరం ఒక మధ్యాహ్నం బెంచీ దగ్గరికి వచ్చి, తలొంచుకుని అసలు మాట చెప్పాడు. "నిన్ను ఏడాది పాటు సెంట్రల్ జైల్లో పెట్టమని హెడ్డాఫీసు వాళ్లు రాశారు, నూకరాజూ. సోమవారం స్టేషన్ మేడ మీద దాన్ని విచారించే బోర్డు కూర్చుంటుంది. డీఎస్పీ గారే పెద్ద."

నూకరాజు బెంచీ మీంచి లేచాడు. "నేను మీ కళ్లెదుటే ఉన్నాను కదండీ రైటర్ గారూ. ఆ మాట చెప్పండి చాలు."

"కళ్లెదుట ఉన్నావు. కాగితంలో లేవు. కాగితంలో కాలవ గట్టు కింద ఉన్నావు," అన్నాడు భాస్కరం. నిజంగానే బాధపడ్డాడు. ఇరవయ్యేళ్లుగా తాగిన టీ అది. "ఒక్క దారుంది. నువ్వు అక్కడ లేవని చెప్పే మనిషిని తెచ్చుకోవచ్చట. అయితే ఆ మనిషి అక్కడ ఉన్నవాడై ఉండాలి. లేనివాడు లేడని చెప్పాలంటే ఉన్నవాడే చెప్పాలి కదా. మా వాళ్లెవరూ చెప్పరు. ఇంక మిగిలింది ముద్దాయిలు."

ముద్దాయిల్లో ఊళ్లో దొరికినవాడు గవరయ్య ఒక్కడే. ఎప్పుడో ఒక రొయ్యల చెరువు మోటారు కేసులో జైలుకి వెళ్లి వచ్చాడు. నూకరాజుకి ఆ కేసూ గుర్తులేదు, ఆ మనిషీ గుర్తులేడు. కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని కొబ్బరికాయలు ఒలిచే చోటికి వెళ్లాడు. గవరయ్య భూమిలో పాతిన గునపానికి కాయ గుచ్చి డొక్క ఒలుస్తున్నాడు. ఇతన్ని చూసి చెయ్యి ఆపలేదు.

"మిమ్మల్ని కోర్టులో చూశానండి," అన్నాడు గవరయ్య. "నీలం చొక్కా వేసుకున్నారు. ఆ మోటారు మా పాకలో దొరికిందనీ, మీరు పక్కనే నిలబడి చూశారనీ చెప్పారు. మా పాక ఎటుందో మీకు తెలుసాండీ?"

నూకరాజుకి తెలియదు.

"నేను లోపలుండగా మా అమ్మ పోయిందండి. ఎస్కార్టుకి మనుషులు లేరని పంపలేదు. తలకొరివి మా మేనమామ కొడుకు పెట్టాడు."

గవరయ్య ఇంకో కాయ గునపానికి గుచ్చాడు. నూకరాజుకి సిగ్గేసింది. సత్యవతి గొణిగినప్పుడల్లా తను అన్న మాట గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. వచ్చిన పని అడగడానికి నోరు రాలేదు. వెంట వచ్చిన కానిస్టేబులే అడిగాడు.

గవరయ్య చేతులు దులుపుకున్నాడు. "వస్తానండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికేముంది."

సోమవారం మేడ మీద బోర్డు కూర్చుంది. మధ్యలో డీఎస్పీ గారు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. సభ్యులు ఎందుకున్నారో వాళ్లకీ తెలియదు గనక వాళ్ల గురించి చెప్పేదేమీ లేదు. గోడకి పూర్వదర్శిని తెర, దాని మీద నల్లచుక్క.

"సాక్షీ, మోటారు స్వాధీనపరచుకున్న సమయంలో ఈ నూకరాజు ఘటనా స్థలంలో ఉన్నాడా?" అని అడిగారు డీఎస్పీ గారు.

"లేడండి."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగానండి. నేనూ లేను. ఆ పూట నేను అంబాజీపేటలో కాయలు దింపుతున్నానండి."

డీఎస్పీ గారు కళ్లజోడు తీశారు. "నువ్వే లేనప్పుడు అతను లేడని నీకెలా తెలుసు? నీకు సాక్ష్యం చెప్పే అర్హత లేదు. నువ్వు అక్కడ ఉన్నావనీ మోటారు నువ్వే తీశావనీ ఒప్పుకుంటే అప్పుడు నీ మాట చెల్లుతుంది. ఇతను బయటపడతాడు. నీ శిక్ష ఎలాగూ అయిపోయింది కనుక నీకు వచ్చే నష్టం కూడా లేదు. ఆలోచించుకో."

గవరయ్య నూకరాజు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నూకరాజు ఏమీ అనకుండా ఊరుకుంటే చాలు. ఊరుకోవడం అతనికి బాగా వచ్చిన విద్యే.

"పోనీలెండి," అన్నాడు గవరయ్య మెల్లగా. "దొంగ అనే కదా ఊరంతా అంటున్నారు. ఇంకొక్కసారి అనిపించుకుంటే..."

"వద్దు గవరయ్యా," అన్నాడు నూకరాజు. తన గొంతేనా అనిపించింది అతనికి. "అతను దొంగో కాదో నాకు తెలియదండి. నేను చూడలేదు. ఏ కేసులోనూ ఏదీ చూడలేదు. కిటికీలోంచి పిలిస్తే వచ్చి పెట్టాను. నా సమక్షంలో జరిగింది టీ కాయడం ఒక్కటేనండి."

సభ్యుల్లో ఒకాయన, ఆ పూట మొదటిసారిగా, మంచినీళ్లు అడిగారు.

డీఎస్పీ గారు మాత్రం పాతికేళ్ల సర్వీసున్న మనిషి. "సరే. ఇతని వాంగ్మూలం రాయవయ్యా భాస్కరం," అన్నారు. భాస్కరం రాశాడు. రాయడం పూర్తయ్యాక ఆనవాయితీ ప్రకారం ఇద్దరు సాక్షులు కావాలి. పాస్‌పోర్టు పని మీద వచ్చి కింద కూర్చున్న ఒకతను వచ్చి సంతకం పెట్టి, పరుగున వెళ్లిపోయాడు. రెండో సాక్షిగా కాగితం గవరయ్య ముందుకి తోశారు.

గవరయ్య పెన్ను పట్టుకుని, "ఇందులో ఏం రాశారండీ?" అన్నాడు.

భాస్కరం ఉలిక్కిపడ్డాడు. అతని సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. డీఎస్పీ గారి వైపు చూశాడు. "చదివి వినిపించు, దాచడానికేముంది," అన్నారాయన. భాస్కరం గొంతు సవరించుకున్నాడు.

"నేటి దినమున ఈ దిగువ మధ్యవర్తుల సమక్షములో, సదరు నూకరాజు ఎవరి ప్రోద్బలమూ లేక, తన ఇష్టపూర్వకముగా, పై నేర స్థలములన్నింటిలోనూ తాను హాజరై యున్నట్లు అంగీకరించి, ఏడాది నిర్బంధమునకు తనకు అభ్యంతరము లేదనియు, సదరు గవరయ్య మోటారు దొంగిలించుట తాను కళ్లారా చూచితిననియు..."

చదువుతున్న భాస్కరం గొంతు చివరికొచ్చేసరికి సన్నబడిపోయింది. కావాలని రాసింది కాదు పాపం. పంచనామాలు రాసి రాసి ఆ చేతికి వేరే వాక్యం రాదు.

"ఇందాక ఆయన చెప్పింది ఇది కాదండి. నేను పెట్టను," అన్నాడు గవరయ్య. పెన్ను బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, దండం పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

డీఎస్పీ గారు గడియారం చూసుకున్నారు. సభ్యులకి భోజనం వేళవుతోంది. భాస్కరం లేచి కిటికీ దగ్గరికి నడిచి, "నూకరాజూ!" అని కేకేసి, నాలిక్కరుచుకుని, "దొరబాబూ!" అని మళ్లీ పిలిచాడు.

తుండుగుడ్డకి చేతులు తుడుచుకుంటూ దొరబాబు పరుగున మేడెక్కి వచ్చాడు. అంతమంది పెద్దల్ని చూసి అతని మొహం వెలిగిపోయింది. పెన్ను తనంత తనే అందుకుని, "ఎక్కడ పెట్టమంటారండీ?" అన్నాడు.

"చదవరా దొరబాబూ," అన్నాడు నూకరాజు. "నీకు దండం పెడతాను, చదివి పెట్టరా."

దొరబాబు పెద్దల ముందు కాస్త సిగ్గుపడి నవ్వాడు. "ఊరుకో బావా. నువ్వెప్పుడైనా చదివావా?" అంటూనే సంతకం గీశాడు. చివర చిన్న తోక కూడా పెట్టాడు.